గుంబజుల దగ్గర నేర్చుకున్న మర్యాద

(రేడియో ప్రసంగం)



ఈవేళ సమాధుల గురించి మాట్లాడబోతున్నానంటే మా పక్కింటి పిన్నిగారు నొచ్చుకున్నారు. "ఆడవాళ్ళ కార్యక్రమంలో శ్మశానం ఊసేమిటమ్మాయ్? ఏ వడియాల గురించో చెప్పరాదూ!" అన్నారు. ఆవిడ నొచ్చుకోవడంలో తప్పేమీ లేదు. మన ఇళ్ళలో చాలామటుకు ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. మగవాళ్ళు వెళ్ళొస్తే తలస్నానం చేస్తే గాని ఇంట్లోకి రానివ్వం. పిల్లలు ఆ మాట ఎత్తితేనే కసురుతాం.

అంత పట్టింపు ఉన్న మనమే సెలవురోజు వచ్చిందంటే క్యారియర్లు సర్దుకుని, పిల్లల్ని వెంటేసుకుని ఎక్కడికి పోతాం? గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ గుంబజులకి! పచ్చిక బాగుంటుంది, నీడ బాగుంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. అదీ శ్మశానమేననీ, ఆ గుమ్మటాల కింద ఉన్నవాళ్ళు ఒకప్పుడు మనలాగే తిని, తిరిగి, పిల్లల్ని కని పెంచినవాళ్ళేననీ ఒక్కసారైనా తడుతుందా? నాకైతే ఒక ముసలాయన చెప్పేదాకా తట్టలేదు.

అది 2009వ సంవత్సరం, కార్తీకమాసం. మా వీధివాళ్ళం నాలుగు కుటుంబాలు కలిసి వనభోజనాలకని అక్కడికి వెళ్ళాం. ఒక పెద్ద గుంబజు అరుగు పక్కన చెట్టు నీడ చూసుకుని జంపఖానా పరిచాం. పులిహోర గిన్నె కింద పెడితే చీమలు పడతాయని అటూ ఇటూ చూశాను. మోకాలెత్తున నున్నటి నల్లరాయి ఒకటి కనిపించింది. కొలిచి చేయించినట్టుంది. గిన్నె దానిమీద పెట్టేశాను. మా ఆరేళ్ళవాడు పక్కనున్న ఇంకో రాయి మీదెక్కి గుర్రం తోలుతున్నాడు. అందరం నవ్వుతున్నాం.

అంతలో అక్కడ మొక్కలకి నీళ్ళు పెట్టే ముసలాయన మెల్లగా దగ్గరికొచ్చాడు. కోప్పడలేదు. "అమ్మా, జర ఆ గిన్నె తీయుండ్రి. అది బల్ల గాదు. ఎవరి బిడ్డనో పండుకున్నది" అన్నాడు. నేను గిన్నె తీశాక భుజం మీది తువ్వాలుతో ఆ రాయి తుడిచి, మళ్ళీ తన పనికి తాను వెళ్ళిపోయాడు.

అప్పుడు చూశాను. ఆ రాయి ఎంతో లేదు, మూడడుగులుంటుందేమో. ఆ పూట పులిహోర నా గొంతు దిగలేదు.

తరువాత ఆ చోటు గురించి అడిగి, చదివి తెలుసుకున్నాను. మెట్రిక్యులేషన్‌తో చదువు ఆపేసిన దాన్ని, చరిత్ర పండితురాలిని కాను. నాకు పట్టుబడినంతవరకు చెబుతాను.

గోల్కొండని ఏలిన కుతుబ్‌షాహీ వంశంవారి శ్మశానవాటిక అది. 106 ఎకరాల తోట. అందులో సమాధి మందిరాలు 40 దాకా, మసీదులు 20కి పైగా, దిగుడుబావులు, ఒక స్నానశాల ఉన్నాయి.  ఆ స్నానశాల ఖననానికి ముందు దేహానికి కడసారి స్నానం చేయించడానికి కట్టిందని చెబుతారు. మనం శ్మశానం నుంచి వచ్చి స్నానం చేస్తాం. వాళ్ళు పోయినవారికి స్నానం చేయించి పంపుతారు. ఎవరి ఆచారం వారిది, కడుక్కోవలసింది మాత్రం ఇద్దరికీ ఉంది.

ఈ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ. తన సమాధి తాను బతికుండగానే కట్టించుకున్నాడు. 1543లో హత్యకు గురయ్యాడు. ఆయన గుంబజు చిన్నది, ఆడంబరం లేనిది. 1591లో హైదరాబాదు నగరాన్ని నిర్మించిన మహమ్మద్ కులీ గుంబజు చాలా ఎత్తైనది. ఆ లోపల నల్లరాతి మీద చెక్కిన అక్షరాలు చూసి తీరాలి. ఇంకో సంగతి. లోపల మనకు కనిపించే రాతి సమాధి గుర్తు మాత్రమే. అసలు సమాధి దాని కింద నేలమాళిగలో ఉంటుంది. అంటే మనం నిలబడే చోటు కిందనే వాళ్ళున్నారన్న మాట.

రాజులే కాదు, అక్కడ ఇద్దరు హకీములకి కూడా సమాధులున్నాయి. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో ఆడిపాడిన తారామతి, ప్రేమామతుల సమాధులూ ఉన్నాయి. వైద్యులకీ, నాట్యకత్తెలకీ ప్రభువుల పక్కన చోటిచ్చిన శ్మశానం అది.

ఆడవాళ్ళం తప్పక చూడవలసిన గుంబజు హయాత్ బక్షీ బేగంది. ఆమె మహమ్మద్ కులీకి ఏకైక సంతానం. ఆరో సుల్తానుకి భార్య. ఏడో సుల్తానుకి తల్లి. 1626లో భర్త పోయేనాటికి కొడుకు అబ్దుల్లా ఇంకా పసివాడు. రాజ్యం చెదరకుండా వెనక నిలబడింది ఆ తల్లే. 1656లో మొగలుల సైన్యం గోల్కొండని ముట్టడిస్తే, ఆమె స్వయంగా ఔరంగజేబు విడిదికి వెళ్ళి సంధి మాట్లాడింది. కొడుకు ప్రాణం, రాజ్యం ఆ పూటకి దక్కాయి. హయత్‌నగర్ బస్సు ఎక్కుతున్నప్పుడల్లా ఆమె పేరే మన నోట పలుకుతున్నాం, తెలియక. ఆమె 1667లో పోయింది. రాజులకి తీసిపోని గుంబజు ఆమెది.

మరి మన తానీషా సమాధి ఎక్కడుంది? రామదాసుని చెరలో పెట్టించాడని మనం పాటల్లో, సినిమాల్లో చెప్పుకునే తానీషాయే ఈ వంశంలో ఆఖరివాడు. ఆయన సమాధి మాత్రం అక్కడ లేదు. ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687లో కోట పడిపోయింది. ఆయన్ని దౌలతాబాదు కోటలో బందీగా ఉంచారు. అక్కడే పోయాడు. దగ్గరలోని ఖుల్దాబాద్‌లో ఖననం చేశారు. ముందు ఏలినవాళ్ళందరూ ఒకచోట, ఆయన ఒక్కడూ వందల మైళ్ళ దూరంలో. ఎంత ప్రభువైనా తనవాళ్ళ మధ్య ఆరడుగుల చోటు దొరకలేదు.

ఒక ఆచారం చెబుతాను వినండి. మొగలుల కాలంలో మగవారి సమాధి మీద కలందాను, అంటే కలాలు పెట్టుకునే పెట్టె ఆకారం, ఆడవారి సమాధి మీద పలక ఆకారం చెక్కేవారు. ఆగ్రాలో తాజ్‌మహల్ చూసినవాళ్ళకి గుర్తుండవచ్చు. షాజహాను సమాధి మీద కలాల పెట్టె, ముంతాజు సమాధి మీద పలక. మగవారిది రాత, ఆడవారిది రాయించుకోవడం అన్నమాట! అది తెలిశాక నాకు ఒకటే అనిపించింది. పాతకాలపు ఆడదాని గురించి ఎవరైనా నాలుగక్షరాలు రాసి మిగిల్చారంటే అవి చాలామటుకు ఆమె సమాధి రాతి మీదే ఉంటాయి. ఆ రాతి మీద ఏ కుర్రాడో మేకుతో తన పేరూ, ఇంకో అమ్మాయి పేరూ గీకి, మధ్య బాణం గుర్తు పెట్టాడనుకోండి. ఆ ఆడదానికి మిగిలిన ఆ నాలుగక్షరాలూ పోయినట్టే. ఇంకో ప్రతి ఎక్కడా ఉండదు.

అందుకే శ్మశానాల దగ్గర పెట్టే నిబంధనలు మనల్ని ఇబ్బంది పెట్టడానికి కావని నాకు అర్థమైంది. తెలుసుకున్నవి చెబుతాను.

వెళ్ళగానే గుమ్మం దగ్గరున్న బోర్డు చదవండి. కాపలావాణ్ణి అడగండి. ఎక్కడికి వెళ్ళవచ్చో, ఫొటో ఎక్కడ తీయవచ్చో, ఎన్నింటికి మూస్తారో అతనికే తెలుసు. సమాధి ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళడం మర్యాద. సమాధిని దాటకండి, తొక్కకండి, దానిమీద కూచోకండి, చేతిసంచీ అయినా పెట్టకండి. అక్షరాలు బాగా కనబడాలని కొందరు సుద్దముక్కతో రుద్దుతారు, నీళ్ళు పోస్తారు. వద్దు. రాయి అరిగిపోతుంది. భక్తి కొద్దీ కుంకుమ పెట్టడం, నూనె దీపం రాతికి ఆనించి వెలిగించడం కూడా వద్దు. నూనె మరక రాయి లోపలికి ఇంకిపోతుంది. మన వంటింటి గట్టు మీది మరకే ఎంత తోమినా పోదు కదా! ఆ గోడలకి ఒకప్పుడు రంగు రంగుల పెంకులు అతికించి ఉండేవి. ఇప్పుడు అక్కడక్కడ కొద్దిగా మిగిలాయి. నేలమీద ముక్క దొరికినా పిల్లల్ని తెచ్చుకోనివ్వకండి. భోజనాలు వేరే ఎక్కడైనా కానివ్వండి.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలని పాడుచేస్తే శిక్ష ఉంది. 1958 నాటి చట్టాన్ని 2010లో సవరించాక, రెండేళ్ళ వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. గుంబజుల తోట రాష్ట్ర పురావస్తు శాఖది. అక్కడ 2013లో మొదలైన మరమ్మతు పని పదేళ్ళకు పైగా సాగింది. మధ్యలో ఎవరో పూసిన సిమెంటంతా ఒలిచి, పాతకాలంలోలాగా సున్నం గచ్చు పూశారు. పనివాళ్ళు అంగుళం అంగుళం పదేళ్ళు బాగుచేసిన దాన్ని మనం ఒక్క మధ్యాహ్నంలో పాడుచెయ్యగలం.

ఇదంతా పాత శ్మశానాల సంగతి. ఇప్పటికీ ఖననాలు జరుగుతున్న చోటికి వెళితే ఇంకా జాగ్రత్త కావాలి. ఎవరినైనా తీసుకొస్తుంటే పక్కకి తొలగి నిలబడండి. ఏడుస్తున్నవాళ్ళ ఫొటోలు తీయకండి. నవంబరు 2న క్రైస్తవులు తమవారి సమాధులకి పూలూ కొవ్వొత్తులూ తీసుకువెళతారు. షబ్-ఎ-బరాత్ రాత్రి ముస్లిములు వెళతారు. ఆ రోజుల్లో అవి ఆ కుటుంబాల చోట్లు. మనకి అక్కడ పరిచయస్థులుంటే వాళ్ళతో వెళ్ళాలి గాని, వింత చూడటానికి వెళ్ళకూడదు.

పరాయివాళ్ళ సమాధి మనకేమిటి అనేవాళ్ళకి ఒక్క ఉదాహరణ. గోల్కొండ నుంచి ఊరికి ఆ కొసన, మలక్‌పేట వైపు, రేమాండ్ అనే ఫ్రెంచివాడి సమాధి ఉంది. నిజాం సైన్యంలో పనిచేసి 1798 మార్చి 25న పోయాడు. ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే. అతని వర్ధంతికి జనం వెళ్ళి ధూపం వేసి దణ్ణం పెట్టుకునేవారట, పోయిన వందేళ్ళ తరువాత కూడా. మన మతం కాదు, మన దేశం కాదు, మన భాష కాదు. అయినా మన ఊరివాడనుకున్నారు. 2001 వానల్లో అక్కడి మంటపం కూలిపోతే మళ్ళీ కట్టారు.

చివరగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ వనభోజనాల రోజు సాయంత్రం ఇంటికొచ్చి జరిగింది మా అత్తగారికి చెప్పాను. సమాధి మీద వండిన గిన్నె పెట్టావా అని తిడతారనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. "ఎంతుంది ఆ రాయి?" అని అడిగారు. చేతులు చాచి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పారు. మావారి కంటే ముందు ఆవిడకి ఒక మగపిల్లాడు పుట్టి, పదకొండో నెలలో జ్వరంతో పోయాడట. పసిపిల్లల్ని దహనం చెయ్యరు కదా, మగవాళ్ళు తీసుకెళ్ళి ఊరి చివర కాలవగట్టున పూడ్చి వచ్చారట. "ఎక్కడని అడిగితే ఆడదానికెందుకన్నారు. నేనూ మళ్ళీ అడగలేదు. తరవాత ఆ గట్టు మీద రోడ్డేశారు" అన్నారు. పెళ్ళయి అన్నేళ్ళయినా ఆ సంగతి నాకు తెలియదు. మావారికీ తెలియదు.

మొన్న మరమ్మతులన్నీ అయ్యాక ఆవిడ్ని గుంబజులకి తీసుకువెళ్ళాను. ఇప్పుడు ఎనభై దాటాయి, నెమ్మదిగా నడిచారు. హయాత్ బక్షీ బేగం గుంబజు చూపించాను, బాగుందన్నారు. ఆ చిన్న రాయి ఎక్కడని ఆవిడే అడిగారు. వెతికి చూపించాను. ఆ ముసలాయన ఇప్పుడు లేడు. ఆవిడ చెప్పులు విప్పి, కొంగు భుజం నిండా కప్పుకుని, రెండడుగుల దూరంలో నిలబడ్డారు. ముట్టుకోలేదు.

"పేరుందా?" అన్నారు.

"లేదండీ" అన్నాను.

"పోనీలే. చోటన్నా ఉంది" అన్నారు.

మా అబ్బాయి ఇప్పుడు చెయ్యెత్తు మనిషి. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.