రుమాటిక్ జ్వరం: ఏళ్ళ తరబడి పెనిసిలిన్

రుమాటిక్ జ్వరం లేదా కీళ్ళవాత జ్వరం గ్రూప్-ఎ స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు, ఎక్కువగా 5–15 ఏళ్ళ పిల్లల్లో తలెత్తే జబ్బు. బ్యాక్టీరియాపై పోరాడాల్సిన రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదికే తిరగబడుతుంది. వాపు ఇవాళ మోకాలికి, రెండ్రోజులకు చీలమండకు, ఆపైన మోచేతికి మారుతుంది. కీళ్ళు బాగవుతాయి. గుండె కవాటాలు, ముఖ్యంగా మైట్రల్ వాల్వు, జబ్బు తిరగబెట్టినకొద్దీ పాడవుతాయి. కొందరు పిల్లలకు చేతులు వాటంతటవే ఎగిరిపడతాయి. చొక్కా గుండీ పెట్టుకోలేరు, చేతిరాత చెడిపోతుంది, బడిలో అల్లరనుకుని తిట్లు తింటారు.

జబ్బు తిరగబెట్టకుండా బెంజథిన్ పెనిసిలిన్ సూదిని సాధారణంగా మూడు వారాలకొకసారి వేస్తారు. పెద్దలకు మోతాదు 12 లక్షల యూనిట్లు, తక్కువ బరువున్న పిల్లలకు 6 లక్షలు. గుండెకు సోకకపోతే అయిదేళ్ళపాటు లేదా 18వ ఏడు వచ్చేదాకా, ఏది ఎక్కువైతే అది. కవాటం బాగా దెబ్బతింటే 40 ఏళ్ళ వయసుదాకా, కొందరికి జీవితాంతం.

కాకినాడ జిల్లా పెద్దాపురం లాంటి ఊళ్ళో తల్లిదండ్రులకు సందేహం పుట్టేది ఇక్కడే: పిల్లాడు శుభ్రంగా ఆడుకుంటున్నాడు, ఇంకా సూదెందుకు? మందు పాలలా చిక్కగా ఉంటుంది, సూదిలో అడ్డుపడుతుంది, పిరుదు రెండ్రోజులు సలుపుతుంది. సందేహం న్యాయమైనదే. అయితే ఈ జబ్బును నిర్ధారించే జోన్స్ ప్రమాణాలు, 2015లో సవరించినప్పుడు, ఇది ఎక్కువున్న ప్రాంతాలకు వేరే కొలత పెట్టాయి. అక్కడ ఒక్క కీలు వాచినా ప్రధాన లక్షణమే. లండన్‌లో అతి అనిపించే జాగ్రత్త మన దగ్గర అతి కాదు.

అతి మరోచోట ఉంది. ఏఎస్ఓ రక్తపరీక్ష పాత స్ట్రెప్ సోకిన సంగతి మాత్రమే చెబుతుంది. నెలల తరబడి ఎక్కువగానే ఉండవచ్చు. ఆ ఒక్క అంకె చూసి ఏళ్ళపాటు సూదులు రాయడం సమర్థనీయం కాదు. గొంతులో బ్యాక్టీరియా ఉండి ఏ బాధా లేని వాహకులకూ సాధారణంగా చికిత్స అక్కర్లేదు. కాబట్టి డాక్టరును ‘ఎన్నాళ్ళు’ అని అడిగేముందు ‘దేన్నిబట్టి’ అని అడగాలి. ఎకో (గుండె స్కాన్) తీశారా, కవాటం ఎలా ఉంది? పెద్దాపురం వారికి దగ్గరి పెద్దాసుపత్రి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి.

ఎకో గురించి అడగడానికి కారణముంది: లక్షణాలు లేకున్నా ఎకోలో తొలిదశ కవాట జబ్బు బయటపడిన 818 మంది పిల్లలపై ఉగాండాలో జరిగిన అధ్యయనంలో, రెండేళ్ళలో జబ్బు ముదిరినవారు సూది వేయించుకున్నవారిలో 0.8 శాతం, వేయించుకోనివారిలో 8.2 శాతం.

సూదితో ఇంత మేలున్నా, రియాక్షన్ భయంతో సూదే వేయని క్లినిక్కులూ ఉన్నాయి. తీవ్రమైన పెనిసిలిన్ అలెర్జీ అరుదు. అయితే కవాటం బాగా పాడై గుండె బలహీనపడ్డవారికి సూది కన్నా మాత్రలు మేలు కావచ్చని 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచించింది. వాల్వు మార్పిడి చేయించుకున్నా పెనిసిలిన్ మానరాదు. మిగతా కవాటాలకు ముప్పు అలాగే ఉంటుంది.