హేల్ కౌంటీ గృహచరిత్ర

అమెరికా దక్షిణ రాష్ట్రములలో నొకటియగు అలబామాయందు, మన నల్లరేగడిని తలపించు మృత్తికతో ప్రత్తిపంటకు ప్రసిద్ధినొందిన బ్లాక్ బెల్ట్ అను ప్రాంతము కలదు. అంతర్యుద్ధము ముగిసిన రెండేండ్లకు, 1867లో, అచ్చట నేర్పడిన హేల్ కౌంటీకి, బానిసత్వమును నిలుపుకొనుటకై పోరి యోడిన పక్షపు సైన్యాధికారి పేరే పెట్టిరి. ఓటమిని ఒప్పుకొనుటకు ఆ సీమకు మనసు రాలేదు కాబోలు!

కౌంటీకి ముఖ్యపట్టణమైన గ్రీన్స్‌బరోలో, ప్రత్తితోటల యజమాని ఐజాక్ క్రూమ్ 1840 ప్రాంతమున గ్రీకు దేవాలయముల ఫక్కిని ఎత్తైన స్తంభములతో కట్టించిన మాగ్నోలియా గ్రోవ్ అను సౌధము నేడు ప్రభుత్వ సంరక్షణలో ప్రదర్శనశాలగా నున్నది. 1898 నాటి స్పెయిన్ యుద్ధమున, శాంటియాగో రేవుముఖమును మూయుటకై ఓడను ముంచబోయిన సాహసి రిచ్మండ్ హాబ్సన్ జన్మించిన దిచ్చటనే. చూపరులు స్తంభములను చూచి మురియుదురు; కాని పెరటిలో నిలిచియున్న బానిసల కుటీరమే నా దృష్టిలో నంతకంటె అపురూపమైనది, ఏలయన అట్టివి వేలకొలది కట్టబడియు, కాపాడువారు లేక నేలమట్టమైనవి.

కౌలుదార్ల యిండ్లకును అదే గతి పట్టినది. 1936 వేసవిలో రచయిత జేమ్స్ ఏజీయు, ఛాయాగ్రాహకుడు వాకర్ ఎవాన్సును ఈ కౌంటీకి వచ్చి, మూడు శ్వేతజాతి కౌలు కుటుంబముల జీవనమును పరిశీలించి, 1941లో గ్రంథముగా ప్రకటింపగా, రంగెరుగని పైన్ పలకల గోడలును, వట్టి నేలపై నిలిచిన మంచములును ఆ ఛాయాచిత్రములలో చిరస్థాయిగా నిలిచినవి. అదే పొలములలో చెమటోడ్చిన నల్లజాతివారి గృహములకు ఆ భాగ్యమైనను దక్కలేదు.

వారి యిండ్లలో నొకటి మాత్రము చరిత్రకెక్కినది. 1968 మార్చిలో కూ క్లక్స్ క్లాన్ ముష్కరులు వెదకుచుండగా, మార్టిన్ లూథర్ కింగ్, నడవా లేక గదులొకదాని వెనుక నొకటిగా నమరిన చిన్న చెక్కయింట తలదాచుకొనెను. రెండు వారములకు మెంఫిస్‌లో హతుడయ్యెను. ఆ యిల్లిపుడు సేఫ్ హౌస్ పేర నల్లజాతి చరిత్రకు ప్రదర్శనశాల.

1993లో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ అను ఆచార్యులు ఆబర్న్ విశ్వవిద్యాలయ పక్షమున ఈ కౌంటీలోనే నెలకొల్పిన రూరల్ స్టూడియోలో విద్యార్థులు పేదల కిండ్లు స్వయముగా కట్టుచు వాస్తువిద్య నభ్యసించుచున్నారు. మేసన్స్ బెండ్‌లో 1994లో ముగించిన బ్రయంట్ గృహమునకు గోడలు గడ్డిమోపులు. ముంగిట విశాలమైన వసారా. మాగ్నోలియా గ్రోవ్ పై వెచ్చించు శ్రద్ధలో కొంత దీనికిని ఇప్పటినుండియే కేటాయించుట మేలు, ఏలయన గడ్డిగోడకు తేమ సోకినచో ఇటుకగోడకున్న వ్యవధి యుండదు.