ఇంటి నేలపలకలు కాల్చిన కుమ్మరి

జీవితమంతా బడిపిల్లలకు వ్యాకరణం బోధించినవాణ్ణి. అందువల్లనే కాబోలు, లాటినూ గ్రీకూ రాని బెర్నార్ పలిసీ చరిత్ర చదివినప్పుడల్లా నాకు కించిత్తు సిగ్గు కలుగుతుంది.

ఈయన పదహారవ శతాబ్దపు ఫ్రాన్సు దేశస్థుడు. అద్దాలపై చిత్రాలు వ్రాయడం, భూమి కొలవడం జీవనోపాధి. ఒకనాడు మెరుగుపూత పూసిన మట్టిగిన్నె ఒకటి కంటబడింది. అంతే, మట్టిపని తెలియకుండానే ఆ పూత రహస్యం వెదకనారంభించాడు. సీసం కలిసిన గాజు పారదర్శకం. అందులో కరగక మిగిలిన తగరపు భస్మం వెలుతురును చెదరగొట్టి తెలుపునిస్తుంది. ఈ సంగతి చెప్పేవారెవరూ ఆయనకు లేరు. మూడువందలకు పైగా మిశ్రమాలను గాజు కొలిమిలో పెట్టిస్తే ఒక్కటి తెల్లగా కరిగింది. ఆపై ఇటుకలు మోసి సొంత ఆవము కట్టుకున్నాడు. ఆరు పగళ్ళు, ఆరు రాత్రులు మండించినా పూత కరగలేదు. కట్టెలు నిండుకుంటే తోటలోని పందిరి గుంజలు, తరువాత బల్లలు, చివరకు ఇంటి నేలపలకలు కూడా ఆవములో వేశాడు. దొంగనాణేలు చేస్తున్నాడని ఊరివారు గుసగుసలాడారు. ఇంటికి వెళితే అంతకన్న పెద్ద బాధ ఎదురయ్యేదని ఆయనే వ్రాసుకున్నాడు. ఆ ఇల్లాలు వ్రాసి ఉంటే ఏమని వ్రాసేదో!

తరువాత కీర్తి వచ్చింది. పాములు, బల్లులు, చేపలు, గవ్వలు ప్రాణమున్నట్లు తోచే పళ్ళేలు చేశాడు. నిజమైన ప్రాణులకే అచ్చులు తీసేవాడు. రాతిలోని గవ్వలు ఒకప్పుడు నీటిలో బ్రతికిన ప్రాణులవేనని ఆయన గుర్తించడానికి ఈ అచ్చుపని తోడ్పడిందని నా ఊహ. 1575 నుండి పారిసులో ప్రకృతి విషయాలపై ఉపన్యసించాడు. వినడానికి రుసుము ఒక బంగారు నాణెం. తన మాట తప్పని తేల్చినవారికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఊటలకు మూలం వాననీరేనని 1580లో గ్రంథస్థం చేశాడు. ప్రొటెస్టంటు మతం విడువనందుకు 1588లో చెరబట్టారు. 1590 ప్రాంతాన బాస్తీయ్ కారాగారంలో కన్నుమూశాడు.

ఆ గ్రంథం ‘సిద్ధాంతం’, ‘అనుభవం’ అనే ఇద్దరి సంవాదం. మన శాస్త్రాల పూర్వపక్షం వంటిదే గాని, ఇక్కడ ప్రశ్నించేది సిద్ధాంతం, బదులిచ్చేది అనుభవం. పూత రహస్యం చెప్పమని సిద్ధాంతం ప్రాధేయపడుతుంది. తగరం, సీసం, ఇనుము, రాగి, ఇసుక అంటూ అనుభవం దినుసులన్నీ వల్లిస్తుంది. పాళ్ళు మాత్రం చెప్పదు.