దీవుల స్థానం - దీర్ఘవృత్తాభ సమీకరణం

విశాఖపట్నం రేవుకూ, అండమాన్ దీవుల ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిర్‌కూ (2024 సెప్టెంబరు నుండి దీని పేరు శ్రీ విజయపురం) నడుమ దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి తరలివెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సముద్రయానం చిరపరిచితమే. అయితే ఆ పట్టణం భూగోళంపై సరిగ్గా ఎక్కడ ఉన్నదని ప్రశ్నిస్తే సమాధానం చెప్పడం పైకి కనిపించినంత సులభం కాదు. ఆ సమాధానం ఒక బీజగణిత సమీకరణంపై ఆధారపడి ఉన్నది. ఆ సమీకరణాన్ని గడచిన రెండు శతాబ్దాలలో పలుమార్లు తిరగవ్రాయవలసి వచ్చింది.

భూమి గోళం కాదు. ధ్రువాల వద్ద కొంత అణగిన దీర్ఘవృత్తాభం. గోళం, శంకువు, స్తూపం వలెనే ఇదికూడా గణితజ్ఞులు ద్విఘాత తలాలని వ్యవహరించే కుటుంబానికి చెందినది. కేంద్రాన్ని మూలబిందువుగా గ్రహించి వ్రాసిన ప్రామాణిక రూపంలో దీని ఆకృతిని నిర్ణయించే సంఖ్యలు రెండే: భూమధ్యరేఖ వద్ద వ్యాసార్థం ఒకటి, ధ్రువాల వద్ద అణగిన పరిమాణం రెండవది. ఈ రెండింటిని భారతదేశపు నేలపైనే కొలవాలన్న సంకల్పంతో విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు వద్ద ఆధారరేఖను కొలిచాడు. ఆయన వారసుడు జార్జి ఎవరెస్ట్. నిజాం రాజ్యంలో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో సర్వే చేస్తూ విషజ్వరం పాలైన ఎవరెస్ట్, 1820లో ఆరోగ్యం కోసం గుడ్ హోప్ అగ్రానికి వెళ్ళవలసి వచ్చింది. 1830లో ఆయన ప్రకటించిన దీర్ఘవృత్తాభమే ఈ దేశపు పటాలకు చిరకాలం ఆధారమైనది. దాని మధ్యరేఖా వ్యాసార్థం 2,09,22,931.80 అడుగులు, నొక్కు సుమారు 300.80లో ఒక వంతు.

ఈ కొలతలు త్రికోణాల గొలుసుగా సాగేవి. ఒక కొండపై నుండి మరొక కొండను దుర్భిణితో చూడగలిగినంత మేరకే ఆ గొలుసు పెరుగుతుంది. అండమాన్‌లలో ఎత్తైన సాడిల్ పీక్ 732 మీటర్లే. దానిపై నుండి సముద్రపు అంచు వంద కిలోమీటర్ల దూరంలోనే ముగుస్తుంది. కనుక కోరమండల్ తీరపు త్రికోణాలు బంగాళాఖాతం దాటి ఆ దీవులను చేరే మార్గమే లేదు. 1788-89లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తీరాలను సర్వే చేశాడు. కల్నల్ జె. ఆర్. హాబ్‌డే నాయకత్వంలో 1883-86 మధ్య వివరమైన భూపటాలు తయారైనాయి. ఇట్టి ఒంటరి దీవులకు ఆనాడు ఆధారం నక్షత్రాలు, ఓడ గడియారాలే. నక్షత్రాలతో కొలిచే అక్షాంశం స్థానికంగా తూకం గుండు వేలాడే దిశపై ఆధారపడుతుంది. పక్కనున్న పర్వతశ్రేణి, సముద్రగర్భపు లోతు ఆ గుండును కొద్దిగా పక్కకు లాగుతాయి. ఒక్క సెకను కోణం తేడా వచ్చినా నేలపై స్థానం సుమారు 30 మీటర్లు తప్పుతుంది.

అసలు చిక్కు కేంద్రం వద్ద వచ్చింది. ఎవరెస్ట్ దీర్ఘవృత్తాభాన్ని భారత ఉపఖండానికి చక్కగా ఒదిగేటట్లు అమర్చారు. ప్రపంచమంతటికీ ఒదగవలసిన అవసరం ఆనాడు లేదు. ఉపగ్రహాల కాలంలో భూమి ద్రవ్యరాశి కేంద్రాన్నే మూలబిందువుగా గ్రహించిన డబ్ల్యు.జి.ఎస్. 84 వాడుకలోకి రాగా, పాత దీర్ఘవృత్తాభం కేంద్రం కొత్తదానికి మూడు అక్షాల వెంట సుమారు 295, 736, 257 మీటర్ల దూరాన ఉన్నదని తేలింది. ఇంటర్మీడియట్ విద్యార్థి ఎరిగిన ఒక పద్ధతి ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది. కొత్త మూలబిందువు నుండి పాత దీర్ఘవృత్తాభాన్ని వ్రాసి విస్తరిస్తే సమీకరణంలో వర్గపదాలతోపాటు మొదటి ఘాతపు పదాలు కూడా చేరుతాయి. ఎక్స్ వర్గం పక్కన 590 ఎక్స్‌ను తీసివేయవలసి వస్తుంది. అట్టి సమీకరణాన్ని చూచి ఆకారమేమిటో, ఎక్కడ ఉన్నదో చెప్పడం కష్టం. 590లో సగమైన 295ను వర్గించి కలిపి, వర్గాన్ని పూర్తిచేస్తే కేంద్రం తిరిగి బయటపడుతుంది. ఇదేదో పరీక్షకోసం చేసే లెక్క మాత్రమే అనిపించవచ్చు. కాని ప్రధాన భూభాగానికి నిర్ణయించిన ఈ సంఖ్యలనే పోర్ట్ బ్లెయిర్ వద్ద వర్తింపజేస్తే, ఒకే బిందువు అక్షాంశ రేఖాంశాలలో 300 మీటర్లకు పైగా తేడా వస్తుంది. పగడపు దిబ్బల నడుమ రేవులోకి ప్రవేశించే నావికునికి ఇది చిన్న విషయం కాదు.

కొలమానం సైతం చిక్కు తెచ్చింది. ఎవరెస్ట్ అడుగులను మీటర్లలోకి మార్చడానికి వేర్వేరు కాలాలలో వేర్వేరు గుణకాలు వాడినందున, అదే వ్యాసార్థం ఒక లెక్కలో 63,77,276.345 మీటర్లు, మరొక లెక్కలో 63,77,301.243 మీటర్లు అయినది. భూమి మారలేదు, కొలత మారలేదు, అయినా ఇరవై అయిదు మీటర్ల దాకా తేడా! ఏ ఎవరెస్ట్ అని అడగకుండా పాత పటాన్ని నమ్మడానికి వీలులేదు.

ఇక కాగితంపై గీయడం. దీర్ఘవృత్తాభపు తలాన్ని ముడతలు, చిరుగులు లేకుండా బల్లపరుపుగా పరచడం అసాధ్యం. శంకువును, స్తూపాన్ని మాత్రం కత్తిరించి పరచవచ్చు. అందుకే పటకారులు మూడు పరిమాణాల సమీకరణాన్ని అక్షాంశ రేఖాంశాల రూపంలోకి మార్చి, ఆ బిందువులను ఈ రెండు తలాల సహాయంతో కాగితానికి చేర్చారు. భారత సర్వే శాఖ పాత పటాలు బహుశంకు పద్ధతిలో గీసినవి. 2005 మే 19న ప్రకటించిన జాతీయ పటాల విధానం పౌర వినియోగపు పటాలకు డబ్ల్యు.జి.ఎస్. 84ను, అడ్డంగా పరుండబెట్టిన స్తూపంపై గీసే యు.టి.ఎం. పద్ధతిని నిర్దేశించింది. ఈ పద్ధతిలో అండమాన్ నికోబార్ దీవులు 46వ మండలంలో చేరుతాయి. దాని మధ్యరేఖ 93 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది సాడిల్ పీక్ పరిసరాల మీదుగానే సాగుతుంది. ఆ రేఖపై ఒక కిలోమీటరు పటంలో 40 సెంటీమీటర్లు తక్కువగా కనిపిస్తుంది. ఇంతటి తేడాను సామాన్య పాఠకుడు గుర్తించనైనా గుర్తించడు.

ఈ పటాల విధానం వెలువడడానికి అయిదు నెలలకు ముందు, 2004 డిసెంబరు 26న సంభవించిన భూకంపంలో గ్రేట్ నికోబార్ దక్షిణ కొననున్న ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, అక్కడి దీపస్తంభం అడుగుభాగం సముద్రంలో మునిగింది. దీర్ఘవృత్తాభపు కేంద్రంగాని, అక్షాలుగాని మారలేదు. నేలే కదిలినందున దీవులలోని సర్వే బిందువులను ఉపగ్రహ సంకేతాలతో తిరిగి కొలిచి, కొత్త నిరూపకాలు వ్రాయవలసి వచ్చింది.