శీకాయ తీగ ఎవరిది?

శీకాయని మనం షాంపూ ప్యాకెట్ మీద బొమ్మగా చూస్తున్నాం గానీ, మన తాతలకి అది సంత సరుకు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో కాయ ఏరాలన్నా సర్కారు అనుమతి కావాల్సొచ్చింది. ఎవరి అడవిలో ఎవరికి అనుమతి! 1956లో జీసీసీ పెట్టాక అమ్ముకునే చోటు దొరికింది. ఆ కాయ మనదేనని రాతలోకెక్కింది మాత్రం 1996 పెసా, 2006 అటవీ హక్కుల చట్టాలతోనే.

కాయ కోసం తీగనే నరికేస్తే ఇంక ఆ హక్కుతో ఏం ఏరుకుంటాం?

కొరిందతో పొరబడొద్దు. రెండిటికీ కొక్కెం ముళ్లే, సన్నాకులే. కొరింద కాయ పల్చటి రేకులా ఉంటుంది. శీకాయ కండగా ఉండి, ఎండితే ముడతలు పడుద్ది, నీళ్లలో నలిపితే నురగొస్తుంది. గింజల్ని వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి, తొలకరికి కంచె వెంబడి పెడదాం. ఎగబాకడానికి పక్కన ఓ చెట్టుండాలి.