పేజీ కదలకుండానే జవాబు: ఒక ఖామోష్ హర్కారా తవారీఖు



అర్జీ, జవాబు, దాఖలు, హాజరు, రసీదు. జగ్గయ్యపేట బజారులోనైనా నందిగామ కచేరీలోనైనా ఈ మాటలు లేకుండా తెలుగులో పని జరగదు. అరబీ, ఫార్సీల నుంచి దర్బారు దారిన వచ్చి మన ఇంటి మాటలైపోయాయి. ఈ రోజు చెప్పబోయే ఇంటర్నెట్ కిస్సాకి కూడా ఇవే సరిపోతాయి.

మొదట్లో వెబ్ పేజీకి ఒకటే పద్ధతి. మీరు ఏదైనా అడిగితే పేజీ మొత్తం సర్వర్‌కి అర్జీ పెట్టుకునేది. అవతలి నుంచి కొత్త పేజీ వచ్చేదాకా తెర ఖాళీ. ఒక్క ముక్క మారాలన్నా మళ్లీ మొత్తం రావాల్సిందే. నెట్ మందంగా ఉంటే సబర్ తప్ప వేరే ఇలాజ్ లేదు.

దారి చూపింది మైక్రోసాఫ్ట్‌లో ఎక్స్చేంజ్ మెయిల్ తయారుచేసే జమాత్. బ్రౌజర్‌లో మెయిల్ చదువుతుంటే పేజీ మాటిమాటికీ చెరిగిపోకూడదన్నది వారి జరూరత్. అలెక్స్ హాప్మన్, షాన్ బ్రేస్‌వెల్ వంటివారి మెహనత్‌తో తయారైన పనిముట్టు 1999 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో బయటికి వచ్చింది. పేరు ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీ. ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీతో కలిపి పంపారు కాబట్టి ఆ పేరు తగిలింది. అసలు పనికి ఎక్స్‌ఎంఎల్ లాజిమ్ కాదు. తర్వాత మొజిల్లా అదే పనిని ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్ పేరుతో తన బ్రౌజర్‌లో పెట్టింది.

పేజీలోని స్క్రిప్ట్ ఒక హర్కారాని పంపుతుంది. వాడు సర్వర్ దగ్గరికి వెళ్లి వచ్చేలోగా మీరు టైప్ చేసుకుంటూనే ఉండొచ్చు. జవాబు రాగానే స్క్రిప్ట్ ఆ ముక్కని దాని జాగాలో పెడుతుంది. 200 అంటే ఖైరియత్. 404 అంటే అడిగింది అక్కడ లేదు. 500 అంటే అవతలి కచేరీలోనే గడబిడ.

ఐదేళ్లపాటు ఈ హర్కారా పెద్దగా ఎవరి నజర్‌లోనూ పడలేదు. 2004 ఏప్రిల్‌లో జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చాక దునియా కళ్లు తెరిచింది. అదే ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి 'అజాక్స్' అని పేరు పెట్టాడు. 2006లో డబ్ల్యూ3సీ దీనికి ప్రమాణం రాయడం మొదలుపెట్టింది.

మన ఇలాకాలో దీని నిషానీ ఏ ఆన్‌లైన్ దరఖాస్తులోనైనా కనిపిస్తుంది. జిల్లా ఎంచుకోగానే కింది గడిలో నందిగామ, జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు వస్తాయి. చాలాచోట్ల ఆ పట్టిక హర్కారా తెచ్చిందే. 2022 ఏప్రిల్ 4న మన మండలాలు కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారాయి. ఇలాంటి ఏర్పాటులో సర్వర్ దగ్గరి పట్టిక మారిస్తే చాలు, పేజీని తిరగరాయనక్కర్లేదు.

ఇక్కడే అమానత్ మాట. బటన్ నొక్కకముందే, మీరు టైప్ చేస్తుండగానే అక్షరాలు సర్వర్‌కి వెళ్లిపోవచ్చు. సెర్చ్ పెట్టెలో సలహాలు అలాగే వస్తాయి. అన్ని పేజీలూ అంతేనని కాదు. 2006లో వీవెన్ తెచ్చిన లేఖినిలో అక్షరాలు తెలుగులోకి మారే పని మన బ్రౌజర్‌లోనే జరుగుతుంది, దానికి హర్కారాతో పని లేదు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా పరాయి పేజీలో రాసేముందు అది ఎవరి పేజీయో చూసుకోవడం మన ఫర్జ్. 'పంపలేదు కదా' అన్న భరోసా చాలదు.

రెండోది, పిల్లల స్కాలర్‌షిప్ అయినా, అమ్మీ అబ్బాల హజ్ దరఖాస్తు అయినా, పేజీ కదలకుండా నిలబడి ఉంటే పని అయిపోయిందనుకోకండి. సిగ్నల్ పోతే హర్కారా దారిలోనే ఆగిపోతాడు, తెర మాత్రం చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. ఒక్కోసారి 200తో వచ్చిన జవాబులోనే 'వివరాలు సరిపోలేదు' అని ఉంటుంది. దరఖాస్తు నంబరు కళ్లారా చూసి, రాసుకుని, అప్పుడే పేజీ మూయండి. అర్జీ వెళ్లడం వేరు, దాఖలు కావడం వేరు. పాత కచేరీల్లో మన బుజుర్గులు రసీదు చేతికి రానిదే గడప దాటేవారు కాదు. ఆ ఆదత్ ఇప్పటికీ పనికొస్తుంది.

అల్లాహ్ మన పనులు ఆసాన్ చేయుగాక. ఆమీన్.