నంద్యాల - ఆళ్లగడ్డ ప్రాంతంలో పల్లె చర్చి చరిత్ర

గ్రామ చరిత్రకు ఆధారాలు అనగానే శాసనాలు, మెకంజీ కైఫీయతులు గుర్తుకు వస్తాయి. వాటిలో గుడి మాన్యాలు, కరణాలు, పాలెగాళ్లు కనిపిస్తారు. మాలపల్లెలో బతికినవారి పేర్లు అరుదు. ఆ పేర్లను కుటుంబాల వారీగా నమోదు చేసిన తొలి పుస్తకాలలో చర్చి బాప్తిస్మ రిజిస్టరు ఒకటి. కనుక పల్లె చర్చిని కేవలం మత విషయంగా భావించి వదిలివేయరాదు.

1701లో లండన్‌లో ఏర్పడిన ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ సంస్థ 1840లలో కడప ప్రాంతంలో పని ప్రారంభించింది. ఆ తరువాత చాగలమర్రి సమీపంలోని ముత్యాలపాడు దాని కేంద్రమైంది. జాన్ క్లే అక్కడ చాలాకాలం పనిచేశాడు. క్రమంగా నంద్యాల ప్రధాన కేంద్రంగా ఎదిగింది.

పల్లెలలో తొలి చర్చి సాధారణంగా ఒక కొట్టమే. వారమంతా బడి, ఆదివారం ప్రార్థన. బడిపంతులే ఉపదేశి కూడా. 1876-78 కరువులో కర్నూలు జిల్లా తీవ్రంగా దెబ్బతిన్నది. ఆ కాలంలో తెలుగు ప్రాంతంలో క్రైస్తవంలో చేరినవారి సంఖ్య బాగా పెరిగింది. గంజి కోసమే చేరారన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఈ విమర్శ సగం నిజాన్నే చెబుతుంది. కరువు ముగిసి గంజి కేంద్రాలు మూతపడ్డాక కూడా చర్చిలు నిలిచాయి. పైగా జాతరలో తమ వంతు వెట్టి మానినవారికి కూలి పనులు పోయే ప్రమాదం ఉండేది. బిడ్డకు అక్షరాలు వస్తాయన్న ఆశను కూడా ఇక్కడ లెక్కలోకి తీసుకోవాలి.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంత ఆంగ్లికన్లలో చాలామంది అందులో చేరలేదు. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని గురువులను అంగీకరించవచ్చా అన్నది పైకి కనిపించే వివాదం. అయితే కొత్త సంఘానికి తన సాధారణ నిధి నుంచి గ్రాంటు ఇవ్వరాదని ఎస్.పి.జి. నిర్ణయించింది. పంతుళ్ల జీతాలు ఆ గ్రాంటుపైనే ఆధారపడిన చోట దీనిని వేదాంత చర్చగా మాత్రమే చదవడం కష్టం. నంద్యాల 1963లో ప్రత్యేక డయాసిస్ అయి, 1975లో గాని సి.ఎస్.ఐ.లో చేరలేదు.

ఈలోగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తరువాత సిక్కులకు, బౌద్ధులకు వర్తించినా క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులుగా మారిన షెడ్యూల్డు కులాలవారిని బి.సి. - సి వర్గంలో చేర్చారు. ఫలితంగా కొన్ని కుటుంబాలు చర్చి రిజిస్టరులో ఒక మతంతో, ధ్రువపత్రంలో మరో మతంతో కనిపిస్తాయి. మీ గ్రామ చరిత్ర రాసేటప్పుడు జనాభా లెక్కలలోని క్రైస్తవుల సంఖ్యను ఈ రిజిస్టర్లతో పోల్చకుండా స్వీకరించకండి.